చతుర్దశి పోటు

హ్యూస్టన్‌లో చలి క్యాలెండరును బట్టి రాదు, గాలిని బట్టి వస్తుంది. నవంబరు వచ్చినా చొక్కా వీపుకి అంటుకుంటూనే ఉంటుంది. రెండు మూడు రోజులు దక్షిణం నుంచి సముద్రపు గాలి ఉక్కగా వీస్తుంది. తర్వాత ఒక సాయంత్రం ఉత్తరాన మబ్బు బారుగా కనిపిస్తుంది, నాలుగు చినుకులు పడతాయి, గాలి ఒక్కసారిగా వెనక్కి తిరుగుతుంది. తెల్లారేసరికి స్వెటర్లు వెతుక్కోవాలి. టీవీ వాళ్ళు దాన్ని కోల్డ్ ఫ్రంట్ అంటారు. ఆ మాట వినగానే మా బాబాయిగారు నాకు ఫోన్ చేసేవారు.

ఆయన నాకు సొంత బాబాయి కాదు. గుడిలో పరిచయం. కోనసీమ మనిషి. 1970ల్లో అమెరికా వచ్చి, ఒక రిఫైనరీలో కెమికల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. మాట మాటకీ ‘ఆయ్’ అనేవారు. నేను వరంగల్ పక్కన పుట్టినవాణ్ణి, చెరువు తప్ప వేరే నీళ్ళు ఎరగను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చి, వారమంతా క్యూబికల్‌లో కూర్చుని, శనివారం ఏం చేయాలో తెలియక ఆయన పడవెక్కాను. రేకుతో చేసిన చిన్న పడవ అది, అడుగు బల్లపరుపుగా ఉండేది. దాన్ని కార్‌కి తగిలించుకుని గంటన్నర డ్రైవ్ చేస్తే తీరం వెంబడి గడ్డి, బురద, సన్నటి పాయలు. ఇక్కడివాళ్ళు మార్ష్ అంటారు. ఆయన మాత్రం వాళ్ళ ఊరి మాటతో పర్ర అనేవారు.

చలిగాలికీ చేపకీ ఉన్న సంబంధం నాకు ఆయనే చెప్పారు. ఫ్రంట్ రాకముందు దక్షిణపు గాలి సముద్రాన్ని పర్రలోకి తోస్తుంది. నీళ్ళు గడ్డి మొదళ్ళ దాకా ఎక్కితే రొయ్యలు, పీతలు, చిన్న చేపలు అందులో దాక్కుంటాయి. ఫ్రంట్ వచ్చాక ఉత్తరపు గాలి ఆ నీళ్ళని మళ్ళీ సముద్రంలోకి ఊడ్చేస్తుంది. దాక్కున్నవన్నీ పాయల్లోంచి బయటికి రాక తప్పదు. పాయ పెద్ద నీళ్ళలో కలిసే మొగ దగ్గర పెద్ద చేపలు నోరు తెరుచుకుని కాచుకుంటాయి. “పెళ్ళి భోజనం బంతి దగ్గర మనలాంటోళ్ళే అబ్బాయ్ అవి” అని నవ్వేవారు.

ఇంతవరకూ ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. తప్పల్లా పోటు దగ్గర, అంటే నీళ్ళు ఎక్కే వేళ దగ్గర వచ్చింది.

నీళ్ళు ఎప్పుడు ఎక్కుతాయో, ఎప్పుడు దిగుతాయో చెప్పే కాగితం ఎరల కొట్లో ఊరికే ఇస్తారు. బాబాయిగారు దాన్ని మడిచి టీ కప్పు కింద పెట్టుకునేవారు. ఆయన లెక్క పంచాంగం లెక్క. తిథి అంకెను ముప్పావుతో హెచ్చవేస్తే పోటు గంట వస్తుంది. అష్టమి అయితే ఆరు గంటలకి, ద్వాదశి అయితే తొమ్మిదికి. వాళ్ళ తాతల కాలం నుంచీ గోదావరి మొగలో పడవలు ఆ లెక్క మీదే నడిచాయట. ఈ సముద్రం ఆ సముద్రం కాదని, ఇక్కడ చాలా రోజులు ఒక్క పోటే ఉంటుందని, అది కూడా జానెడేనని, చలిగాలి లేస్తే చంద్రుడి మాట కూడా చెల్లదని నేను చాలా తర్వాత చదివి తెలుసుకున్నాను. అప్పటికి మాత్రం ఆయన లెక్క నాలుగైదుసార్లు నిజమైంది. కాకి వాలగానే తాటిపండు పడ్డట్టు జరిగిందని మా ఇద్దరికీ తోచలేదు. తోచని మాట అటుంచితే, నాకు ఆ లెక్క ఇష్టంగా ఉండేది. అమెరికా నీళ్ళు మన తిథుల ప్రకారం నడుస్తున్నాయంటే ఎవరికి ముద్దు కాదు?

2006 కార్తీకం. నా భార్యకి ఏడో నెల జరుగుతోంది. పెళ్ళయిన ఆరేళ్ళకి, రెండుసార్లు పోయాక నిలిచిన కడుపు. చలిగాలి వచ్చిన మర్నాడు శనివారం, చతుర్దశి. వెళ్ళాలా వద్దా అని నేనే నసిగాను. తనే పంపింది.

“ఇంట్ల కూసొని నా మొహం చూస్తవా? పోయి రా. చేప తే, పులుసు చేస్కుందం. అన్నం టైమ్‌కి మాత్రం వచ్చెయ్యి.”

“ఒంటిగంటకల్లా వస్త” అన్నాను.

“పిన్ని ఉంటది తియ్యి నాతోని” అంది.

పిన్నిగారంటే బాబాయిగారి భార్య. కార్తీకంలో ఆవిడ వంటింట్లోకి చేప వాసన కూడా రానిచ్చేది కాదు. “పట్టడానికి దోషం లేదండి, తినడానికే” అని బాబాయిగారి వాదం. పట్టినవన్నీ మాకే ఇచ్చేవారు. ఆ రోజు పిన్నిగారు నాకూ బాబాయిగారికీ పులిహోర కట్టిచ్చి, తను మా ఇంట్లో దిగింది.

ఏడింటికి రేవు చేరాం. ఆకాశం కడిగి ఆరబెట్టినంత శుభ్రంగా ఉంది. గాలి చెవులు కోస్తోంది. ఎరల కొట్టు నడిపే ఆవిడ వియత్నాం నుంచి వచ్చినావిడ, ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉంటోంది. రొయ్యలు తూచి ఇస్తూ, ఇవాళ కాగితాన్ని నమ్మొద్దని, ఈ గాలి నీళ్ళని తోడేస్తుందని, పర్ర లోపల వెనక మడుగుల్లోకి పోతే తొమ్మిదికల్లా బయటపడమని చెప్పింది. రెండుసార్లు చెప్పింది. బాబాయిగారు థాంక్యూ అని, బయటికొచ్చాక, “పదునాలుగు ముప్పావులు పదిన్నర. పదిన్నరకి పోటు పెట్టుకుని తొమ్మిదికి రమ్మంటదేంటండీ ఆవిడ!” అన్నారు. నేను నవ్వాను.

వెనక మడుగులోకే వెళ్ళాం. సన్నటి పాయ మొగలో గెడ పాతి పడవ కట్టాం. నీళ్ళు పాయలోంచి గలగలా బయటికి వస్తున్నాయి. ఎనిమిదిన్నర నుంచీ చేప తగలడం మొదలైంది. అలాంటి పూట నేను మళ్ళీ చూడలేదు. వేయడం ఆలస్యం, లాగడమే.

తొమ్మిదికి కాస్త అటూ ఇటూగా బాబాయిగారు గాలం లోపలికి తీశారు. ఒడ్డున గడ్డి కాడల మీద తడి గీత మూరెడు ఎత్తున కనిపిస్తోంది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు.

“అబ్బాయ్, ఎందుకో నీళ్ళు మరీ లాగేస్తున్నాయి. పోదామా?”

“ఇంకో అరగంట ఉందాం బాబాయ్. పదిన్నరకు పోటని మీరే అన్నరు గద.”

ఆయన మళ్ళీ గాలం వేశారు. పెద్దవాళ్ళని వాళ్ళ మాటతోనే కట్టేస్తే వాళ్ళేం మాట్లాడతారు? నాకు ఆ క్షణాన పోటు మీద నమ్మకం ఏమీ లేదు. చేప పడుతోంది, అంతే. ఇది నేను స్పష్టంగా రాయాలి.

పది కాకముందే పడవ అడుగు బురదకి ఆనింది. మోటారు వేస్తే నల్లటి బురద చిమ్మింది తప్ప కదల్లేదు. గెడతో ఇద్దరం తోశాం. గెడ దిగబడింది, పడవ అక్కడే ఉంది. మాకూ పెద్ద కాలువకీ మధ్య పొద్దున నీళ్ళున్న చోటంతా బురద మెరుస్తోంది, రెండు వందల గజాలు ఉంటుంది. పదిన్నర అయింది, పదకొండయింది. పోటు రాలేదు. సెల్‌ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు.

నేను దిగి నడుస్తానన్నాను. నాలుగు అడుగులు వేసేసరికి తొడల దాకా కూరుకుపోయాను. బాబాయిగారు గెడ అందించి, డెబ్బై ఏళ్ళ మనిషి, పడవ అంచున బోర్లా పడుకుని నన్ను లాగారు. నేను ఎక్కి పడ్డాక ఆయాసపడుతూ, “అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారండి పెద్దలు” అన్నారు. ఇద్దరం పకపకా నవ్వాం. చేసేదేమీ లేదు కదా అని పులిహోర విప్పుకున్నాం. పిన్నిగారు ఇంగువ కాస్త ఎక్కువేసిందని ఆయన వంక పెట్టారు. ఒంటిగంటకి అన్నానికి వస్తానన్నానే, నా భార్య కోపగించుకుంటుందేమోనని నా దిగులు. ఆయన పిన్నిగారి అలకల గురించి కథలు చెప్పారు. నేను కాళ్ళు చాపుకుని, చలి ఎండలో కాసేపు కునుకు కూడా తీశాను.

మూడు దాటాక బాతుల వేటగాళ్ళు పెద్ద ఫ్యాన్ బిగించిన పడవలో బురద మీదుగా జారుకుంటూ వచ్చారు. మమ్మల్ని చూసి జాలిపడి ఎక్కించుకున్నారు. మా పడవని అక్కడే వదిలేశాం. రేవు దగ్గరికి వస్తుంటే నా జేబులో ఫోన్ మోగడం మొదలుపెట్టి ఆగలేదు. ఏడు వాయిస్ మెసేజులు.

మొదటిది నా భార్యది. “కడుపుల కొంచెం నొస్తున్నది. ఏం కాదు తియ్యి. పిన్ని కార్ తీస్తున్నది, ఒకసారి డాక్టర్‌కి చూపించుకొని వస్తం.” పదింపావుకి. మిగతావన్నీ పిన్నిగారివి. రెండోదాంట్లో హాస్పిటల్ పేరు చెప్పింది. మూడోదాంట్లో రక్తం అంది, ఆపరేషన్ అంది. నాలుగోదాంట్లో “ఆడపిల్ల, బాబూ” అంది. తర్వాతి రెండింట్లో ఎక్కడున్నావని అడిగింది. చివరిదాంట్లో ఊపిరి వినిపించింది, అంతే.

మా అమ్మాయి పన్నెండుకి ముందు పుట్టింది. మూడు కాకముందే పోయింది. ఆ మూడు గంటల్లో నేను పులిహోర తిన్నాను, నవ్వాను, నిద్రపోయాను. బురద ఆరిన ప్యాంటుతో హాస్పిటల్‌కి వెళ్ళేసరికి అయిదున్నర. చిన్న ఊలు టోపీ పెట్టి, దుప్పట్లో చుట్టి నర్సు నా చేతుల్లో పెట్టింది. మేం పొద్దున్న పట్టిన చేపల్లో చాలా వాటికంటే తేలిగ్గా ఉంది. అలాంటి పోలిక ఒక తండ్రి మనసులోకి రాకూడదు. వచ్చింది. నా భార్య నా వైపు చూసి, “కాళ్ళు కడుక్కొని రా” అంది.

పదకొండో రోజున బాబాయిగారు వచ్చారు. సోఫాలో కూర్చోలేదు. నా భార్య ముందు నిలబడి చేతులు జోడించారు.

“నా ముసలి లెక్కలతో నీ బతుకు మీదకి తెచ్చానమ్మా. ఎరల కొట్టావిడ రెండుసార్లు చెప్పింది. వినలేదు. తప్పంతా నాదమ్మా.”

“అట్ల అనకండి బాబాయ్. నీళ్ళు మన మాట వింటయా?” అంది తను.

నేను పక్కనే ఉన్నాను. ‘పోదామన్నది మీరు, ఉందామన్నది నేను’ అనాలి. ఆయనే నా వైపు చూడలేదు. చూసి ఉంటే అనేవాణ్ణేమో. ఆయన నన్ను కాపాడుతున్నారని నాకు తెలుసు. తెలిసీ తల దించుకుని ఆ తప్పు ఆయన్నే మోయనిచ్చాను. సిగ్గుమాలిన పని, ఇంకో పేరు లేదు దానికి.

పడవ తెచ్చుకోవడానికి ఆయన వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు. గుడిలో కనిపిస్తే ఆయన నా భుజం తట్టేవారు, నేను నమస్కారం పెట్టి పక్కకి తప్పుకునేవాణ్ణి. అలా ఏడేళ్ళు గడిచాయి. మాకు మళ్ళీ పిల్లలు కలగలేదు. ప్రతి ఏడూ ఆ గాలి తిరిగినప్పుడు నా భార్య కిటికీలన్నీ మూసేసేది, నేను ఏదో ఒక పని కల్పించుకుని ఆఫీస్‌కి పోయేవాణ్ణి. ఇంట్లోకి చేప తేవడం మానేశాం.

2013లో ఆయన పోయారు. అంత్యక్రియల దగ్గర పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని, “ఆ చతుర్దశి ఆయన్ని తినేసింది బాబూ. చివరి దాకా అదే మాట” అంది. నా భార్యతో ఇంటికి డ్రైవ్ చేస్తూ నేను ఫ్రీవే మీంచి దిగి, ఒక షాపు ముందు పార్కింగ్‌లో కార్ ఆపాను. స్టీరింగ్ వదల్లేదు.

“ఆ రోజు ఆయన తొమ్మిదింటికే పోదామన్నరు. నేనే ఉందామన్న. చేపలు మస్తు పడుతున్నయని.”

నా భార్య ఎదురుగా ఉన్న గోడని చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా.

“నాకు తెలుసు” అంది. “ఆయన నా ముందు నిలబడి చెప్పినప్పుడు నీ మొహం చూసిన. నువ్వు చెప్తవని అప్పటి నుంచి చూస్తున్న.”

తను ఒళ్ళో ఉన్న బ్యాగు జిప్పు తీసి వేసి, తీసి వేసి, ఆఖరికి అంది.

“పాప ఒక్కసారి కండ్లు తెరిచింది. నీ కండ్లే. ఇన్నేండ్లు నీకు చెప్పబుద్ధి కాలేదు.”

ఇంజన్ ఆగి ఉంది. నేను వెనక చూసుకునే అద్దం నా వైపు తిప్పుకుని నా కళ్ళలోకి చూసుకున్నాను. తను వద్దనలేదు.