ముదిగుబ్బలో నేను దిగలేదు

పొద్దున శీను వాళ్ళ నాయన పోయినాడని ఫోన్ వచ్చింది. నేనూ శీనూ అనంతపురంలో నాలుగేండ్లుగా పెండ్లి చేసుకోకుండానే కలిసి ఉంటాండాం. ఆ సంగతి వాళ్ళింట్లో పెద్దాయనకొక్కడికే తెలుసు. ఫోన్ చేసినప్పుడల్లా "తిన్న్యావామ్మా?" అని నన్నూ అడిగేటోడు.

వాళ్ళూరు ముదిగుబ్బ. ఇద్దరం ఆ దోవలో పోయే కదిరి బస్సెక్కినాం. ముదిగుబ్బ దగ్గరికొచ్చినాక శీను అన్నాడు:

"నువ్వు దిగొద్దులే. ఎవరీమె అని అడుగుతారు ఆడ."

"ఆయన్ని ఒక్కసారి సూడొద్దా నేను?"

"ఏమని చెప్పల్ల నేను?"

తను దిగిపోయినాడు. నేను కదిరి బస్టాండులో కూర్చొని ఏడ్చి, తిరుగు బస్సెక్కినా. ముదిగుబ్బలో ఆగినప్పుడు డప్పులు వినపడినాయి. కిటికీ మూసుకున్యా.

పెండ్లి వద్దనుకున్నది ఇద్దరమూ. మాలాగా ఉండేవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి, సావింటికాడ మీరు యాడ నిలబడతారు?