గుప్పెడు రాగిపిండికి కొన్న బిడ్డ

1958లో నేను హిందూపురంలో ఒక చిన్న ఆసుపత్రిలో పిల్లల వార్డు నర్సును. వార్డు గోడకు ఒక పటం ఉండేది. ఇటలీలో వందల ఏళ్ల కిందట వేసిన పేరుమోసిన చిత్రానికి అచ్చుప్రతి అది. మేఘాల మీద ఉత్త కాళ్లతో నడిచివస్తున్న మరియమ్మ, చేతుల్లో బిడ్డ, కింద మోచేతులు ఆనించుకున్న ఇద్దరు రెక్కల పిల్లలు. ఆ తల్లి నాకు ప్రశాంతంగానే కనిపించేది. దుమ్ము దులపడం తప్ప పెద్దగా పట్టించుకున్నది లేదు.

ఒక మధ్యాహ్నం ధర్మవరం నుంచి వచ్చిన రైలు దిగి ఓబులమ్మ అనే నేతపని ఆమె రెండేళ్ల కొడుకును ఎత్తుకుని పరుగున వచ్చింది. డిఫ్తీరియా. గొంతులో పొర కట్టి ఊపిరిని అడ్డుకునే జబ్బు. సూదిమందు వేశాం గానీ అది పనిచేసేదాకా పిల్లవాడు ఆగేలా లేడు. డొక్కలు లోపలికి పోతున్నాయి, పెదవులు నీలమవుతున్నాయి. ట్రాకియాటమీ చేయాలన్నారు డాక్టరుగారు. అంటే మెడ ముందు భాగంలో కోసి ఊపిరికి గొట్టం పెట్టడం.

"గొంతు కోస్తారా? నేనియ్యను! ఇద్దరు బిడ్డల్ని మన్నులో పెట్టినా" అని ఓబులమ్మ వాణ్ణి గుండెకు అదుముకుంది.

"భయపడొద్దమ్మా" అన్నాను, అందరితో అన్నట్టే. ఆమె నా మాట వినడం లేదు, పటం వైపు చూస్తోంది.

"ఆయమ్మకు గూడా ముందు బిడ్డలు పోయినట్టుండాదే."

"నీకెట్లా తెలుసు?"

"కండ్లు సూడు సిస్టరమ్మా, ఎంత బెదిరి ఉండాదో! అయినా నిలబడల్యా. బిడ్డను అమ్మేదానికి ఎత్తుకొస్తాండాది."

పుట్టిన పిల్లలు దక్కని తల్లి, ఉన్న బిడ్డను ఇంకో ఆడమనిషికి గుప్పెడు తవుడికి అమ్మడం మా వైపు ఉంది. తన అచ్చిరాని చెయ్యి వదిలితే బిడ్డ నిలుస్తాడని నమ్మకం. తర్వాత మళ్లీ కొనుక్కుంటుంది. పటంలోని బిడ్డను చివరికి శిలువ వేశారని నాకు తెలుసు. ఆమెకు చెప్పలేదు.

"నువ్వు కొనుక్కో. నీ బిడ్డయితే వాని గొంతు నువ్వు కోపిచ్చుకుందువు" అంది ఓబులమ్మ.

వాదించే వ్యవధి లేదు. వంటగదికి పరుగెత్తాను. తవుడు లేదు. గుప్పెడు రాగిపిండి తెచ్చి ఆమె కొంగులో పోశాను. ఆమె దాన్ని ముడేసుకుని బిడ్డను నా చేతుల్లో పెట్టింది.

అలాంటి ఆపరేషన్లలో అంతకుముందు చాలాసార్లు సాయం చేశాను. చెయ్యి ఎప్పుడూ తడబడలేదు. ఆ రోజు పిల్లవాడి తల పట్టుకుని, కత్తి దగ్గరకు రాగానే వాణ్ణి నా వైపు లాక్కోబోయాను. "సిస్టర్, కదలొద్దు" అని డాక్టరుగారు కసిరారు. నా బిడ్డ చచ్చిపోతాడేమో అన్న భయం, పెళ్లే కాని నాకు, పట్టుకుంది. గొట్టంలోంచి బుస్సున గాలి వచ్చాకే నేనూ ఊపిరి తీసుకున్నాను.

వాడు కోలుకుని ఇంటికి పోయే రోజు ఓబులమ్మ కొంగు ముడి విప్పింది. అదే రాగిపిండి.

"ఇంద సిస్టరమ్మా. నా బిడ్డను నాకిచ్చేయి."

ఇచ్చాను. ఇస్తుంటే ఏడుపొచ్చింది.

పటంలోని తల్లి కళ్లలో బెదురు నాకు కనిపించడం అప్పటి నుంచే. ఆ తర్వాత ఏ తల్లితోనూ భయపడొద్దని అనలేదు. "నాకూ భయంగానే ఉందమ్మా, బిడ్డను ఇలా ఇవ్వు" అని చేతులు చాచేదాన్ని.