డాష్‌బోర్డు మీద వడియాలు

మా ఇంట్లో క్యాంపింగ్ అనేది వడియాల వల్ల మొదలైంది. అడవి మీద ప్రేమతో వెళ్లామని నాన్న ఇప్పటికీ అందరికీ చెబుతుంటారు. నమ్మకండి.

అప్పట్లో కెనడాలోని బ్రాంప్టన్‌లో ఒకరి ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్లం. నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడు ఒకటో తరగతి. వంటింటి కిటికీలోంచి పైవాళ్ల కారు టైరు ఒకటి కనబడేది. వేసవంతా అమ్మ ఆ టైరునే చూస్తూ కూరలు తరిగేది. పెరడు పైవాళ్లది. అక్కడ ఒక్క తువ్వాలు ఆరేసినా వాళ్లకి నచ్చేది కాదు.

నాన్న ఆఫీసులో మాత్రం లాంగ్ వీకెండ్ అయితే చాలు, ఎవరెవరు ఏ సరస్సు దగ్గర టెంటు వేశారో చెప్పుకునేవారట. నాన్ననడిగితే "రెస్ట్ తీసుకున్నా" అనేవారు. అలా చెప్పీ చెప్పీ ఆయనకే విసుగొచ్చింది కాబోలు, ఒక శుక్రవారం సాయంత్రం ఇంత పొడుగు సంచీ ఒకటి భుజాన వేసుకుని దిగారు. చొక్కా అయినా మార్చుకోకుండా ముందుగదిలో టెంటు నిలబెట్టారు. దాని నెత్తి సీలింగుకి తగిలి ఓ పక్కకి ఒరిగిపోయింది. అమ్మ స్టవ్ దగ్గరికి వెళ్లాలంటే గోడకి అంటుకుని నడవాల్సి వచ్చింది.

"శుభ్రంగా ఇల్లుండగా పోయి మట్టిలో పడుకోవడం ఏం సరదా అండీ?" అంది అమ్మ.

"మంచి గాలి. మంచి ఎండ. పిల్లలకి ఎంత మంచిదో తెలుసా?"

"ఎండ ఉంటుందా?"

"పొద్దున లేచింది మొదలు సాయంత్రం దాకా ఎండే."

అమ్మ గరిటె పక్కన పెట్టింది. "అయితే నేను వడియాలు పెట్టుకుంటాను."

నవ్వాల్సిన విషయం కాదది. ఊరి నుంచి వచ్చే వడియాలు సూట్‌కేసులో నలిగి నలిగి రవ్వలా చేరేవి. ఓవెన్‌లో ఎండబెట్టి చూస్తే పైన రాయి, లోపల జావ. కెనడా వచ్చాక అమ్మ చేత్తో పెట్టిన ఒక్క వడియమూ సరిగ్గా ఎండలేదు. అందుకే అక్కడికక్కడే ఒప్పందం కుదిరింది. వడియాలు ఎండితే ఏటా క్యాంపింగ్. ఎండకపోతే టెంటు షాపులో తిరిగిచ్చేసి, నాన్న మళ్లీ ఆ ఊసెత్తకూడదు. మధ్యలో నా ప్రాణం మీదికొచ్చింది. మా క్లాసులో క్యాంపింగ్‌కి వెళ్లనిది నేనొక్కదాన్నే. నా వేసవులన్నీ ఇప్పుడు సగ్గుబియ్యం చేతిలో ఉన్నాయి.

తర్వాత వచ్చిన లాంగ్ వీకెండ్‌కి బయల్దేరాం. సరస్సు పక్కనే మాకు చోటు దొరికింది. మర్నాడు పొద్దున్నే అమ్మ క్యాంప్ స్టవ్ మీద సగ్గుబియ్యం ఉడికించింది. పచ్చిమిర్చి, జీలకర్ర నూరి కలిపింది. అక్కడి చెక్క బల్ల మీద తడిపిన పాత కాటన్ చీర పరిచి, గరిటెతో వరసలు వరసలుగా పెట్టుకుంటూ పోయింది. నాకొక పుల్ల ఇచ్చి ఉడతల కాపలా పెట్టారు. కుక్కని తిప్పుతున్న ఒక ఆవిడ ఆగి, ఇవేంటని అడిగింది. "చిప్స్. బట్ నాట్ యెట్," అన్నాడు తమ్ముడు.

ఇంకాసేపటికి పార్కులో పనిచేసే అమ్మాయి ఒకామె వచ్చింది. చాలా మర్యాదగా, తినే వస్తువేదీ బయట ఉంచకూడదని చెప్పింది. వాసనకి రకూన్లనే దొంగ జంతువులు వస్తాయట. ఎలుగుబంట్లు కూడా రావచ్చట. అన్నీ కారులో పెట్టేయాలి.

"ఇవి ఇంకా తినే వస్తువులు కావు," అన్నారు నాన్న ఇంగ్లీషులో.

"ఎప్పుడవుతాయి?"

"బాగా ఎండాక నూనెలో వేయించాలి. అప్పుడు."

ఆ అమ్మాయి చీరకేసి, నాన్నకేసి, పుల్ల పట్టుకున్న నాకేసి చూసింది. "అయితే అప్పటిదాకా కారులో ఉంచండి," అని వెళ్లిపోయింది.

అమ్మ చీర అంచులు పైకి తీయడం మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చేసింది. నాన్న గబగబా వెళ్లి కారు తలుపు తీశారు. లోపలి వేడి వచ్చి అమ్మ మొహానికి కొట్టింది. ఆమె ఆగింది. వేడెక్కిందో లేదో అని పెనం మీద చెయ్యి పెట్టి చూసినట్టు డాష్‌బోర్డు మీద పెట్టి చూసింది.

"ఏవండీ, ఆ చివర పట్టుకోండి. వంచకండి," అంది.

ఇక చూడాలి మా కారు వైభోగం. చీరని రెండు ముక్కలు చేసి డాష్‌బోర్డు మీద ఒకటి, వెనకద్దం కింద ఒకటి పరిచింది. గిన్నెలో మిగిలిన సగ్గుబియ్యంతో సీట్ల మీద పళ్లాలలో కూడా వడియాలే. అద్దాలు వేలెడు సందుకి దించి, ఇక ఎవరూ తలుపు ముట్టుకోవద్దని హుకుం జారీ చేసింది. అప్పుడు గుర్తొచ్చింది నాన్నకి, ఆ మధ్యాహ్నం మమ్మల్ని జలపాతానికి తీసుకెళ్లాలని. దాని గురించి ఆఫీసులో చెప్పేసి మరీ వచ్చారు. తాళంచెవి చేత్తో పట్టుకుని కాసేపు కారు చుట్టూ తిరిగారు.

"కదిపితే అన్నీ ముద్దయిపోతాయండీ."

"జలపాతం ఎక్కడికీ పోదులే," అన్నారు నాన్న, పోయినంత దిగులుగా.

ఆ దిగులు ఎంతోసేపు లేదు. కారు లేకపోయేసరికి ముగ్గురం సరస్సు నీళ్లల్లోనే ఉండిపోయాం. నాన్నకి ఈత రాదు. మోకాళ్ల లోతులో నిలబడి మాకు ఈత నేర్పారు. అమ్మ ఒడ్డున మడతకుర్చీ వేసుకుని, నీడ వచ్చినప్పుడల్లా దాన్ని ఎండలోకి జరుపుకుంటూ కూర్చుంది. మధ్యమధ్య లేచి, ఉయ్యాల్లో పిల్లని చూసినట్టు కారద్దంలోంచి తొంగిచూసి వచ్చేది. సాయంత్రం నాలుగు చినుకులు పడితే మమ్మల్ని పట్టించుకోకుండా కారద్దాలు మూయడానికి పరిగెత్తింది. నాకు కోపం వచ్చింది. నేను తడిసి ముద్దయి ఉన్నాను.

ఆఖరి రోజు పొద్దున చీర వెనక నీళ్లు చిలకరించి ఒక్కొక్కటే ఒలిచింది. ఒక్కటీ విరగలేదు. మళ్లీ పళ్లాలలో పోసి కారులో పెట్టింది. మధ్యాహ్నానికి అవి గలగలమన్నాయి. స్టవ్ మీద నూనె పెట్టి ఒకటి వేసింది. అది క్షణంలో తెల్లగా, అరచేతంత పొంగింది. అమ్మ దాన్ని విరిచి మా ముగ్గురికీ తలా ఒక ముక్క ఇచ్చి, తాను చివర తిన్నది. బాగుందనీ చెప్పలేదు, బాలేదనీ చెప్పలేదు. మిగిలినవన్నీ డబ్బాలో పోసి, మూత గట్టిగా నొక్కి, వెళ్లి కుర్చీలో కూర్చుంది.

నాన్నకి ఒప్పందం సంగతి అడగడానికి ధైర్యం చాలలేదు. నాకూ చాలలేదు. ఎలాగూ ఖాళీ చేసే వేళయింది. ఆయన టెంటు మేకులు పీకడం మొదలుపెట్టారు.

అమ్మ కళ్లు మూసుకునే ఉంది. చేతిలో చాకు లేదు, గరిటె లేదు. ఆమె మొహం నిండా ఎండ. అలా ఊరికే కూర్చున్న అమ్మని నేను అంతకు ముందు చూడలేదు.

"అప్పుడే పీకేస్తారేంటండీ," అంది కళ్లు తెరవకుండానే. "ఎండ ఇంకా ఉందిగా."