ఇరవై నాలుగో ప్యాకెట్టు

2021 జూలై. అప్పటికి ఆరేళ్లుగా ప్రొద్దుటూరులో ఒక సహాయ సంస్థ గోడౌన్‌లో ట్రాకింగ్ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. పేరు పెద్దదే కానీ పని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. సామాను పంచేది వేరేవాళ్లు. పంచిన సామాను చివరికి ఎవరింటికి చేరింది, ఎవరి నోట్లోకి పోయింది అన్నది తేల్చేది నేను. గోడౌన్ నుంచి బయలుదేరే ప్రతి పెట్టెతోనూ వేబిల్ అనే కాగితం వెళుతుంది. ఏ పెట్టె, ఎక్కడికి, ఎవరు దించుకున్నారు అన్నదంతా అందులో ఉంటుంది. పంచిన కొన్నాళ్లకు ఇంటింటికీ తిరిగి ఆరా తీస్తాం, దాన్ని పీడీఎం అంటాం. గోడౌన్‌లో నన్ను చాటుగా సీఐడీ అనేవాళ్లు. ఆ పేరు నాకు లోలోపల ముద్దుగానే ఉండేది, అబద్ధమెందుకు.

ఆ ఏడాది మా పనంతా జమ్మలమడుగు అవతల ఒక పునరావాస కాలనీలో. రిజర్వాయరు నీళ్లు పెరిగి ఊళ్లు మునిగితే వచ్చిన కుటుంబాలవి. దేశం సరిహద్దు దాటి వచ్చినవాళ్లు శరణార్థులు, వీళ్లు నిర్వాసితులు అని మా శిక్షణలో చెప్పేవాళ్లు. మంచాలూ తలుపు రెక్కలూ ట్రాక్టరు మీద వేసుకుని పరాయి పొలిమేరలో దిగిన మనిషికి ఆ తేడాతో ఏం పని? కాలనీ పక్కనే ఒక పాత ఊరుంది. వచ్చినవాళ్లకు చోటిచ్చిన అలాంటి ఊరిని మేం హోస్ట్ కమ్యూనిటీ అంటాం. వాళ్లూ లేనివాళ్లే. ఉన్న రెండు బోర్ల నీళ్లనే వీళ్లతో పంచుకున్నారు. కానీ మా మొదటి విడత సాయం కాలనీకి మాత్రమే. ఊరివాళ్ల పేర్లు జాబితాలో లేవు.

ఒక మంగళవారం పొద్దున గోడౌన్‌కు ఫోనొచ్చింది. పసిపిల్లలకు జావ కాచిపెట్టే పొడి మాకు సరఫరా చేసేవాళ్లు చేశారు. ఒక బ్యాచ్‌కు, అంటే ఒకే విడతలో తయారైన సరుకుకు, తేమ తగిలి బూజు పట్టిందట. వేరే జిల్లాలో ఇద్దరు పిల్లలు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రిలో ఉన్నారట. బ్యాచ్ నంబరు రాసుకుని వేబిళ్ల ఫైలు తిరగేశాను. అదే నంబరు మా దగ్గర కనిపించింది. ఇరవై నాలుగు ప్యాకెట్లు, ఐదు రోజుల కిందట, కాలనీలో రెండేళ్లలోపు పిల్లలున్న ఇరవై నాలుగు ఇళ్లకు.

ఇచ్చిన సరుకును వెనక్కి తెచ్చుకోవడాన్ని రీకాల్ అంటారు. పైఆఫీసు నుంచి ఒకటే మాట వచ్చింది. జనాన్ని బెదరగొట్టొద్దు, పాత ప్యాకెట్టు తీసుకుని కొత్తది ఇస్తామని మాత్రం చెప్పండి అన్నారు. సరేనన్నాను. పైవాళ్లు చెప్పింది చెప్పినట్టు చేయడంలో నన్ను మించినవాళ్లు లేరు. డ్రైవరు మస్తాన్ జీపు తీశాడు. పది దాటేసరికి కాలనీలో ఉన్నాం.

మిట్టమధ్యాహ్నానికి ఇరవై మూడు ప్యాకెట్లు దొరికాయి. ఇద్దరు పిల్లలకు కాస్త విరేచనాలు పట్టుకున్నాయి. వాళ్లను తల్లులతో పాటు ఆటోలో జమ్మలమడుగు ఆసుపత్రికి పంపాను. ఇరవై నాలుగోది ఓబులమ్మది. పాతికేళ్లుంటాయేమో, ఏడాదిన్నర కొడుకు. ప్యాకెట్టు తెమ్మంటే తలుపు దగ్గరే నిలబడింది.

"అయిపాయ మేడం. మా పిల్లోడు తినేసినాడు."

అది కిలో పొడి. పిల్లవాడికి రోజుకు మూడు చెంచాలు. నెల రావాల్సింది ఐదు రోజుల్లో ఎలా అయిపోతుంది? కవరేదని అడిగితే పొయ్యిలో వేశానంది. పిల్లవాడేమో గడపలో కూర్చుని హాయిగా చెప్పు కొరుకుతున్నాడు. వాడి కడుపులోకి ఆ పొడి చెంచాడైనా పోలేదని చూస్తేనే తెలుస్తోంది. అమ్ముకుందని అనుకున్నాను. నా గొంతు పెరిగింది. నేను గట్టిగా అడిగేకొద్దీ ఆమె అదే మాట మరింత గట్టిగా చెప్పింది. ఇలా పావుగంట పోయింది. ఆ పావుగంట ఇప్పటికీ నన్ను పీకుతుంది.

జీపు దగ్గర నిలబడిన మస్తాన్ నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "మేడం, ఆయమ్మ మిమ్మల్ని చూసి బయపడతాండాది. సంగతేందో చెప్పేయండి."

పైఆఫీసు మాట పక్కన పెట్టి చెప్పేశాను. పొడి చెడిపోయింది, అది తిన్న పసిబిడ్డకు ప్రాణాపాయం కూడా రావచ్చు, నీ పేరు జాబితాలోంచి కొట్టేయడానికి రాలేదు, ప్యాకెట్టు కోసం వచ్చాను అన్నాను. ఓబులమ్మ మొహాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"నా బిడ్డ తిన్లేదు మేడం. చెన్నమ్మత్త మనవడికిచ్చినా."

కొడుకును పక్కింటామె చేతిలో పెట్టి ఊరివైపు పరుగెత్తింది. వెనకే నేను. చెన్నమ్మ ఆ పాత ఊళ్లో మొదటి ఇంటి ముసలావిడ. కూతురు సునీత పది నెలల బిడ్డతో పుట్టింటికి వచ్చిందట. బిడ్డ సన్నగా ఉన్నాడని, పాలు చాలడం లేదని అంటే ఓబులమ్మ తన ప్యాకెట్టు తెచ్చి చేతిలో పెట్టిందట. అయితే సునీత ఆదివారమే తిరిగి వెళ్లిపోయింది, ప్యాకెట్టుతో సహా. వాళ్లది గొర్రెలు మేపే కుటుంబం. మంద ఇప్పుడు సింహాద్రిపురం పక్క పొలాల్లో దిగిందని మాత్రం చెన్నమ్మకు తెలుసు. అల్లుడి ఫోనుకు ఆరుసార్లు చేశాం. స్విచాఫ్.

ముద్దనూరు మీదుగా బయలుదేరాం. నేను వద్దనలేదు, ఆమె అడగలేదు, ఓబులమ్మ జీపెక్కి కూర్చుంది. దారిలో సిమెంటు లారీలు బారులు తీరి ఉన్నాయి. మస్తాన్ హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆదివారం నుంచి రెండు రోజులు, సునీత రోజుకు రెండుసార్లయినా పెట్టి ఉంటుంది అని మనసులో అదే లెక్క. నోరు ఊరుకోక ఓబులమ్మను అడిగాను, ముందే ఎందుకు చెప్పలేదని.

కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

"పోయిన తూరి మీరొచ్చినప్పుడు మా పెద్దమ్మ నిజమే చెప్పె గదా మేడం, కందిబ్యాళ్లు సగం చెన్నమ్మత్తకిచ్చినానని. అందరి ముందర నిలబెట్టి, ఇంగోసారి ఇస్తే పేరు కొట్టేస్తామంటిరి. ఆ దినం నుంచి మా కాలనీలో ఇచ్చినోళ్లు ఎవురూ ఇచ్చినామని చెప్పరు."

"ఇవ్వడం మానేయలేదా?"

"ఎట్ల మానేది? మేము దిగిన దినం ఆయమ్మే వాళ్ల పొయిలో నిప్పు తెచ్చి మా పొయి అంటిచ్చింది. కొత్త చోట మొదట నిప్పిచ్చిన ఇంటికి, మనింట్లోకి ఏమొచ్చినా ఇంత పెట్టాల. మా పక్క అంతే."

నాకు గుర్తుంది. ఆ రోజు ఆ పెద్దమ్మ పేరు ఎదురుగా ఎర్ర పెన్నుతో దుర్వినియోగం అని రాశాను. పీడీఎం ఫారంలో ఆ ప్రశ్న ఉంది, మీకిచ్చింది ఎవరికైనా ఇచ్చారా, అమ్మారా అని. ఇవ్వడాన్నీ అమ్మడాన్నీ ఒకే గాటన కట్టిన ప్రశ్న అది. ఆ తర్వాత వారం కాలనీలో అన్ని ఇళ్లలోనూ ఒకటే జవాబు, లేదు. నా హెచ్చరిక బాగా పనిచేసిందని పైఆఫీసుకు గొప్పగా రాశాను కూడా. జీపులో కూర్చుని ఆ రిపోర్టు తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

సింహాద్రిపురంలో టీ కొట్టు దగ్గర అడిగితే రెండు మందలు దిగాయన్నారు. మొదటి మందలో వాళ్లు లేరు. రెండో మంద ఊరికి అవతల చేనులో. జీపు పోయే దారి లేదు. గట్ల మీద పరుగెత్తాం. వేపచెట్టు కింద సునీత కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకుని ఉంది. పక్కన గ్లాసులో జావ, ఇంకా ఆవిరి పోతోంది. ఓబులమ్మ ఒక్క అంగలో పోయి ఆ గ్లాసు లాక్కుని పారబోసింది. సునీత బిత్తరపోయింది.

బిడ్డ పొద్దున్నుంచి కక్కుతున్నాడట. నీళ్లు మారాయి కదా, అందుకేనేమో అనుకున్నారట. జావైనా కడుపులో నిలుస్తుందేమోనని మళ్లీ కాచిందట. నేను బిడ్డను ముట్టుకున్నాను. ఏడవలేదు. కళ్లు లోపలికి పోయాయి, నాలుక ఎండిపోయింది. మస్తాన్ బిడ్డను అందుకుని మాకన్నా ముందే జీపు దగ్గరికి చేరాడు.

పులివెందుల ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదట అడిగింది, ఏం పెట్టారని. సునీత దగ్గర తీసుకున్న ప్యాకెట్టు చూపించి, బ్యాచ్ నంబరు, దాని గురించి పొద్దున వచ్చిన ఫోను, అన్నీ చెప్పాను. ఆరేళ్లలో నా నంబర్లు ఒక ప్రాణానికి పనికొచ్చింది అదొక్కసారే. చేతిలో నరం దొరకలేదు, కాలికి సూది పెట్టారు. సెలైన్ ఎక్కుతుంటే సునీత లోపల బిడ్డ దగ్గర ఉంది, ఓబులమ్మ, మస్తాన్, నేను వరండాలో కూర్చున్నాం. ఐదవుతుండగా లోపలి నుంచి బిడ్డ ఏడుపు వినిపించింది. సన్నగా, చిరాగ్గా, ఆకలేసినట్టు. గండం గడిచిందని నర్సు వచ్చి చెప్పింది. ఓబులమ్మ గోడకు జారగిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

కాసేపయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

"మా పేరు కొట్టేస్తారా మేడం?"

కొట్టేయనని చెప్పాను. తల ఊపింది కానీ కదల్లేదు.

"రాసిస్తారా?"

కాగితాల వాళ్లం మేం ఆమెకు నేర్పిన పాఠం అదే, నోటిమాటకు విలువ లేదని. ఆసుపత్రి చీటీ వెనక రాసిచ్చాను. ఓబులమ్మ పేరు జాబితాలోంచి తీయబడదు అని రాసి సంతకం చేశాను. ఆమెకు చదువు రాదు. దాన్ని నా చేతిలోంచి తీసుకుని మస్తాన్‌కు ఇచ్చి చదివించుకుంది. నేను రాసింది నా ఎదుటే వేరేవాళ్లతో చదివించుకుంది. నాకు కోపం రాలేదు. నా చేతలకు అది తగిన శాస్తే.

ఆ వారం రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను. ప్యాకెట్టు దొరకడం ఆలస్యమైంది సరుకు దాచినందుకు కాదు, నేను బెదిరించినందుకు అని. చీవాట్లు తిన్నాను, తినాల్సినవే. తర్వాతి విడతలో ఊరివాళ్ల పేర్లూ జాబితాలోకి ఎక్కాయి. ఫారంలో ప్రశ్న మారింది. ఇప్పుడు ముందు ఇవ్వడం తప్పు కాదని చెప్పి, తర్వాత ఎవరెవరితో పంచుకున్నారని అడుగుతాం. సరుకు ఎటు పోతుందో ఇప్పుడే నిజంగా తెలుస్తోంది. భయపెట్టి తెచ్చుకున్న లెక్కలు కాగితం మీద చక్కగా కలుస్తాయి, అవసరం వచ్చిన రోజు వాటిని పట్టుకుని పోతే ఏ ఇంటికీ చేరలేం. ఈ మాట కొత్తగా చేరినవాళ్లందరికీ చెబుతుంటాను.

చెప్పనిది ఒకటుంది. కాలనీకి ఇప్పటికీ వెళుతుంటాను. ఓబులమ్మ నన్ను అక్కా అంటుంది, కూర్చోమంటుంది, నీళ్లిస్తుంది. ఫారం తీసి మొదటి ప్రశ్న అడగబోయేలోపు లోపలికి పోయి, మడతలు చిరిగిపోతున్న ఆ ఆసుపత్రి చీటీ తెచ్చి నా ముందు పెడుతుంది. ఆ తర్వాతే నోరు విప్పుతుంది.