బానెట్‌కు అటూ ఇటూ

మొన్న మా మనవరాలు కొత్తగా కొన్న కారులో నన్ను తిరుపతి నుంచి చిత్తూరుకు తీసుకుపోయింది. కారు బాగుందా అవ్వా అని దోవ పొడుగునా అడుగుతూనే ఉంది. నేను బాగుందని గానీ బాగాలేదని గానీ అనలేదు, ఎందుకంటే కొన్న వస్తువును మొదటి రోజే మెచ్చుకుంటే మనుషులకు ఇంకోటి కొనాలనిపిస్తుంది. కానీ పూతలపట్టు దగ్గర లారీలు అడ్డం వచ్చి బండి నెమ్మదించి, మళ్ళీ వేగం అందుకునేటప్పుడు నా చెవులు దేనికోసమో ఎదురుచూశాయి, ఏ చప్పుడూ రాలేదు. చూస్తే ఆ పిల్ల ఎడమ చెయ్యి ఊరికే ఒడిలో పెట్టుకుని ఉంది, ఎడమ కాలుకు కూడా పని లేదు. గేరు ఎక్కడే అని అడిగితే, ఈ బండి దానంతట అదే మార్చుకుంటుంది అవ్వా, మనం పట్టించుకోవలసిన పని లేదు అంది.

నా ఈడువాళ్ళకైతే చెప్పవచ్చు గానీ దానికేం చెప్పేది. మా ఇంట్లో ఒకప్పుడు ఒక బండి ఉండేది, దానికి గేరు పడాలంటే ఒక్కోసారి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. ఆ ఇద్దరిలో ఒకరు మా ఆయన, రెండోదాన్ని నేను.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని, కారు శాస్త్రం నాకు ఎవరూ చెప్పలేదు. చిత్తూరులో మా అత్తగారింటివాళ్ళకు బెల్లం మండీ ఉండేది. మామగారు పోయిన తరువాత ఇంటికి పెద్ద మా బావగారు, అంటే మా ఆయనకు అన్న. మండీలో గద్దె మీద బావగారు కూర్చుంటే కింద చాప మీద మా ఆయన కూర్చుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్న చెప్పిన ప్రతి మాటకూ సరే అనడమే ఆయన పని. అన్న చెడ్డవాడు కాడు, కానీ ఒకరు గద్దె మీదా ఒకరు చాప మీదా కూర్చున్నప్పుడు మంచివాడి మాట కూడా బరువుగానే దిగుతుంది. అట్లాంటి రోజుల్లో బావగారు ఎవరి దగ్గరో ఒక పాత నల్ల కారు కొన్నాడు, గేరు కాడ కింద కాకుండా స్టీరింగు పక్కనే ఉండే రకం. మా ఆయన దాన్ని నడపడం నేర్చుకుని, తిరుపతికి కొండకు పోయేవాళ్ళనూ పెళ్ళిళ్ళకు పోయేవాళ్ళనూ బాడుగకు తీసుకుపోవడం మొదలుపెట్టాడు. చాప మీది నుంచి లేచిన మనిషి నడుము ఎట్లా నిటారుగా అవుతుందో నేను కళ్ళారా చూశాను. అన్నం కూడా ఒక ముద్ద ఎక్కువ తినేవాడు.

ఆ బండికి గేర్ల జబ్బు వచ్చింది. రెండో గేరు నుంచి మూడోదానికి పోయేటప్పుడు కాడ నడుమనే పట్టుకుని, అటూ పోదు ఇటూ రాదు. అన్నిటికంటే వెనక గేరు మరీ మొండికేసేది. దానితో మా ఇంట్లో ఒక చిక్కు ఉంది. వ్యాపారపు ఇళ్ళల్లో పొద్దున్నే బండి మొదటి అడుగు ముందుకే వెయ్యాలి, వెనక్కి వేస్తే ఆ రోజు వ్యాపారమూ వెనక్కే పోతుందని పట్టింపు. అందుకని సాయంత్రమే బండిని వెనక్కి నడిపి షెడ్డులో పెట్టేవాళ్ళు, దాని మొహం వీధివైపు ఉండేటట్టు. వెనక గేరు పడకపోయేసరికి దీపాలు పెట్టే వేళకు బావగారు, మండీలో పనిచేసేవాళ్ళు, దోవన పోయే పుణ్యాత్ములు, అందరూ కలిసి బండిని వెనక్కి తోసేవాళ్ళు. ఎదురింటి టైలరు కత్తెర పక్కన పెట్టి మరీ వాకిట్లోకి వచ్చేవాడు.

"ఏమప్పా, నాలుగు చక్రాలు సాలక మీ కారుకు పదికాళ్ళు గూడా పెట్టించినారా?"

బావగారికి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. మా ఆయన మాత్రం ఊరికే కూర్చోలేదు. క్లచ్ సరిగ్గా విడవడం లేదేమోనని పెడలు బిగించి చూశాడు, గేరు బాక్సులో నూనె పలచబడిందేమోనని కొత్త నూనె పోయించాడు, దేనికీ తగ్గలేదు. చివరకు మెకానిక్కు చెబితే, లోపల పళ్ళు అరిగిపోయి ఉంటాయి, బాక్సు దించి చూడాలి అన్నాడు. గేరు మార్చేటప్పుడు వచ్చే గరగర చప్పుడు ఎవరు విన్నా అట్లాగే అనుకుంటారు. మెకానిక్కు మాట విన్న రోజే బావగారు తీర్పు చెప్పేశాడు.

"ఇంగ సాలు. ఈదిలో నవ్వులపాలైనాం. సత్యవేడు నుంచి కొనే ఆయప్ప శుక్రారం వస్తాడు, బండి ఇచ్చేస్తా ఉండా. నువ్వు మండీకొచ్చి కూసో."

మా ఆయన సరే అన్నాడు. ఆ సరే నాకు బాగా తెలిసిన సరే. చాప మీద కూర్చునే రోజుల్లోది.

బండి పోతే మనిషి మళ్ళీ వంగిపోతాడని నాకు తెలుసు, కానీ నేను బావగారికి చెప్పగలదాన్ని కాదు. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట నిలబడి మాట్లాడేది కాదు. ఏదైనా చెప్పవలసి వస్తే తలుపు వెనక నిలబడి, తోడికోడలితో అన్నట్టుగా, ఆయనకు వినబడేంత గొంతుతో అనాలి. ఆయన కూడా జవాబు తన భార్యకే చెప్పేవాడు. ఆమెను నేను అక్క అనేదాన్ని. అక్క ఏమీ అనకుండా చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూ కూర్చునేది, ఇటు మాట అటూ అటు మాట ఇటూ ఆమె నెత్తిమీదుగా పోయేవి.

కానీ నాకు ఒక అనుమానం పీకుతూనే ఉంది. షెడ్డు మా వంటింటి కిటికీకి ఆనుకునే ఉండేది కాబట్టి ఆ బండి చప్పుళ్ళన్నీ నాకు కంఠతా వచ్చు. విసుర్రాయి గంట్లు అరిగిపోతే రాయి తిరిగినంతసేపూ మూలుగుతుంది, పిండి విసిరే మనిషికి అది ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ బండి గేరు మార్చేటప్పుడు తప్ప నడిచేటప్పుడు మూలిగేది కాదు. ఆ రోజు అన్నం పెడుతూ అదే మాట అన్నాను.

"పళ్ళు అరిగింటే పొయ్యేటప్పుడు సప్పుడు రావల్ల గదా. నా చెవికి రాలేదే."

"నీకేం తెలుసు గేర్ల సంగతి?"

"విసుర్రాయి సంగతి తెలుసు. ఇంజను ఆపేసి గేరు ఏసి సూసినావా?"

ఆయన ముద్ద చేతిలోనే పెట్టుకుని నా వైపు చూశాడు. ఆపి చూడాలని ఆయనకు తోచలేదు, ఎవరైనా గేరు వేసేది బండి నడవడానికే గదా.

మధ్యాహ్నం బావగారు మండీకి పోయి అక్క కునుకు తీసే వేళ షెడ్డులోకి పోయాము. ఇంజను ఆపి ఉంది, క్లచ్ అడుగంటా తొక్కాడు, అయినా కాడ నడుమన పట్టుకుంది. ఇంజను తిరగనప్పుడు కూడా పట్టుకుంటే అది క్లచ్ తప్పు కాదని ఆయన అన్నాడు. మరి లోపలి పళ్ళదా, బయటి కాడలదా అన్నది తేలాలి. ఆయన లోపల కూర్చుని తొక్కితే బయట చూసేవాళ్ళు కావాలి, నేను కొంగు బిగించి బానెట్ కింద తల పెట్టాను. స్టీరింగు గొట్టం వెంబడి కిందికి దిగి గేరు బాక్సు వైపు పోయే కాడలు రెండు కనబడ్డాయి.

"తొక్కినావా?"

"తొక్కినా."

"ఇంగ వెయ్యి."

"పడలే."

"నువ్వు లాగితే ఒకటి వస్తా ఉండాది. రెండోది పైననే నిలబడిపోయిండాది."

రెండో కాడ కొనలో ఒక మేకు లాంటిది, అది దూరే చోట ఒక బెజ్జం. మేకు కదలకుండా ఆ బెజ్జంలో ఉండవలసిన గుండ్రటి బుష్షు ఎప్పుడో అరిగి రాలిపోయి, బెజ్జం కోడిగుడ్డు మాదిరి సాగి, మేకు అందులో కదలాడుతూ ఉంది. పైన ఆయన చెయ్యి కదిలినంత కింద కాడ కదలడం లేదు, ఒక గేరు పూర్తిగా వదలకముందే ఇంకో గేరు పట్టబోయి రెండూ చిక్కుకుంటున్నాయి. నేను రోకలి కొనతో ఆ కాడను కిందికి ఒత్తితే టక్కుమని విడిపోయింది, లోపల మా ఆయన నవ్వడం వినబడింది. విసుర్రాయి నడుమ కొయ్య అరిగి పైరాయి పక్కకు జారినప్పుడు మనం రాయిని పారేస్తామా, కొయ్యకు గుడ్డపీలిక చుట్టి బిగిస్తాము. ఇది కూడా అంతే అనుకున్నాను.

అయితే గుడ్డ ఇక్కడ నిలవదు. కొత్త బుష్షు ఆ పాత బండికి చిత్తూరులో దొరికేది కాదు. చూరులో మా ఆయన పాత తోలు చెప్పులు ఉన్నాయి, నేను ఏదీ పారేసేదాన్ని కాను. అడుగు తోలు గుండ్రంగా కోసి, నడుమ బెజ్జం పొడిచి, ఆముదంలో నానబెట్టి ఇచ్చాను, ఆయన సుత్తితో దిగగొట్టాడు. సాయంత్రం ఆ బండి ఎవరూ తొయ్యకుండా తనంతట వెనక్కి వచ్చి షెడ్డులో నిలబడింది. వాకిట్లోకి వచ్చిన టైలరు మళ్ళీ కత్తెర పట్టుకోవడానికి లోపలికి పోయాడు.

ఇంక బండి అమ్మరని అనుకున్నాము. బావగారు అరుగు మీద నుంచి అంతా చూసి, చానా సంతోషపడి, ఆయప్పకు మంచి బండే ఇస్తున్నాము, మాట నిలబడింది అన్నాడు. వ్యాపారస్తుడికి ఇచ్చిన మాట ఇచ్చినట్టే. మా ఆయన ఆ పూట అన్నం కెలికి లేచాడు, బాగుచేసిన చేతులతోనే బండిని అప్పగించవలసి వచ్చింది గదా.

శుక్రవారం పొద్దున బావగారు ఎప్పటిలాగే స్నానం చేసి బండికి పసుపూ కుంకుమా పెట్టి హారతి ఇచ్చాడు. సత్యవేడు ఆసామి వచ్చి, తానే నడిపి వీధి చివరిదాకా పోయి వచ్చి, గేర్లు వెన్నలో కత్తి దిగినట్టు దిగుతున్నాయని మెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాడు. మా ఆయన తాళంచెవి చేతిలో పట్టుకుని స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. నేను తలుపు వెనక్కి వచ్చాను.

"అక్కా, ఆయప్పకు ఒక మాట చెప్పమను. గేర్లు బాగానే పడతాయి. లోపల ఉండేది మాత్రం మా ఆయన పాత చెప్పుల తోలు. అది అరిగినప్పుడల్లా మళ్ళా కోసి పెట్టల్ల. ఆ పని సేసేటోళ్ళు వాళ్ళింట్లో ఉంటే తీసకపొమ్మను."

ఆసామి మజ్జిగ లోటా కింద పెట్టాడు.

"ఏందప్పా, కారులో చెప్పుల తోలా? మా ఊరు ఈన్నించి యాడుండాది? నడి దోవలో అరిగితే నా చెప్పులు ఇప్పుకోని కోసుకుంటా కూసోల్లా?"

ఆయన మంచి మనిషి, కోపం చేసుకోలేదు, నవ్వుకుంటూ బస్సుకు పోయాడు. బావగారు మాత్రం లోపలికి చూడకుండానే అక్కతో అన్నాడు.

"ఏమే, పొద్దున నేను హారతిచ్చింది చెప్పులకా?"

ఎన్నడూ నడుమ నోరు విప్పని అక్క చేతిలో చిక్కుడుకాయ విరిచి చేటలో వేసింది.

"చెప్పులకే అయినా దండగ పోలేదు గదా. బండి కదిలింది."

బావగారికి నవ్వు ఆగలేదు. లేచి కండువా దులుపుకుని మండీకి పోతూ, తాళంచెవి పట్టుకుని నిలబడిన తమ్ముడితో, బాడుగ ఉంటే పో, నిలబడినావేంది అన్నాడు. చాప సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ తోలు నేను చెప్పినట్టే ఉండి ఉండి అరిగేది. అప్పుడు మా ఆయన షెడ్డులో నుంచి, ఇదో, కొంచిం ఇట్ల రా అని పిలిచేవాడు. పెద్దవాళ్ళున్న ఇంట్లో మొగుడూ పెళ్ళాలు పట్టపగలు నిలబడి మాట్లాడుకుంటే అప్పట్లో మర్యాద కాదు. అన్నం పెట్టేటప్పుడు ఇంకొంచెం వెయ్యనా, చాలు, అంతవరకే. కానీ బండి పట్టుకుంటే ఎవరేమంటారు, అది పని. బానెట్ లేచి ఉంటుంది కాబట్టి ఆయన మొహం నాకు కనబడదు, నా మొహం ఆయనకు కనబడదు. తొక్కినావా, తొక్కినా అనే మాటల నడుమ ఆయన కొండకు తీసుకుపోయిన ముసలమ్మ సంగతి చెప్పేవాడు, నేను ఇంటి కప్పు కారే సంగతి చెప్పేదాన్ని. మళ్ళీ మండీకి పోవలసి వస్తుందేమోనని ఎంత భయపడ్డాడో కూడా అక్కడే చెప్పాడు. ఎదురెదురుగా కూర్చుంటే ఆ మాట ఆయన నోట వచ్చేది కాదు. ఎక్కడైనా గట్టి బుష్షు చేయించవచ్చు గదా అని నేను అంటే, చూద్దాంలే అనేవాడు. నా పొదుపు ఆయనకూ అబ్బిందని సంతోషపడేదాన్ని.

కొన్నాళ్ళకు బావగారు, తమ్ముడికి చెప్పకుండా, ఇనప పని చేసే లేతు షెడ్డులో దగ్గరుండి ఇత్తడి బుష్షులు చేయించి తెచ్చి అక్క చేతికి ఇచ్చి, ఆ చెప్పుల తోలు తీసి పారెయ్యమను అన్నాడు. అంత ప్రేమగా తెచ్చినదాన్ని ఎవరు కాదంటారు. తరువాత ఆ బండి ఉన్నన్నాళ్ళూ గేరు ఎన్నడూ పట్టుకోలేదు.

ఇప్పుడు బావగారూ లేరు, ఆయనా లేరు. ఈ కాలం కోడళ్ళు మామగారి ఎదుటే మొగుణ్ణి కేకలేస్తారు. అదే మంచిది, మాటను తలుపు చాటు నుంచి తిప్పి తిప్పి పంపే బాధ వాళ్ళకు లేదు. అయినా కారణం వెతుక్కుని మాట్లాడుకున్న నాలుగు మాటలకు ఉన్న రుచి ఊరికే దొరికే మాటలకు ఉంటుందో లేదో వాళ్ళే చెప్పాలి. ఇత్తడి వేయించిన తరువాత సాయంత్రాలు బండి ఒక్క ఊపున వెనక్కి వచ్చి షెడ్డులో నిలబడేది. ఆయన దిగి, తలుపు వేసి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయేవాడు. కిటికీకి ఇవతల నేను సంగటి కెలుకుతూ, ఒక్కసారైనా గేరు పట్టుకోకపోతుందా అని వింటూ ఉండేదాన్ని.