గొంతు దిద్దని పెట్టె

మా క్లాతెన్ ఊళ్ళ వైపు ఎవరింట్లో పెళ్ళయినా, తోలుబొమ్మలాటయినా, ఆ పాటనీ వాయిద్యాన్నీ రికార్డు చేసి ఇచ్చే మనిషి ఒక్కడే, పేరు పొనిది. నేను మద్దెల వాయించే దర్మాజిని. ఇరవై ఏళ్ళుగా వాడి మైకుల ముందు కూర్చుంటున్నాను కాబట్టి వాడి సంగతులు చెప్పే హక్కు నాకుంది. కాదనేవాళ్ళు వాడి భార్య సుమిరాను అడగండి, ఆవిడైతే ఇంకా ఘోరంగా చెబుతుంది.

పొనిది మొదట్లో రేడియోలు బాగుచేసేవాడు. తర్వాత ఇంటి వెనక గది గోడలకి పాత బూరుగుదూది పరుపులు కొట్టి, అందులో మా గమలన్ మేళాన్ని, అంటే కంచుగంటలూ, కంచుపలకలూ, మద్దెలా మొత్తాన్ని ఇరికించి, రికార్డింగు గది అని బోర్డు రాశాడు. అక్కడ ఉక్కకి నా మద్దెల తోలు కూడా చెమటపట్టేది. మూల బల్ల మీద ఒక కంప్యూటర్. దాంట్లో పద్నాలుగేళ్ళుగా ఒకటే రికార్డింగు సాఫ్ట్‌వేర్. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవాలంటే తాళంచెవి లాంటి చిన్న ప్లాస్టిక్ ముక్క కంప్యూటర్‌కి గుచ్చాలి. అది పగిలితే నల్లటేపు చుట్టి నెట్టుకొస్తున్నాడు.

ప్రతి గురువారం పొద్దుగూకే వేళ మేమంతా మేళంలోని పెద్ద కంచుగంట ముందు పూలూ, కప్పు నల్లకాఫీ పెడతాం. అది మా తాతల నాటి అలవాటు. పొనిది ఇంకో పళ్ళెం తెచ్చి కంప్యూటర్ ముందు కూడా పెట్టేవాడు.

"గంటకి పెట్టావు, బాగుంది. ఈ డబ్బాకెందుకురా?" అన్నాను ఒకసారి.

"గంట ఎప్పుడైనా పాట మధ్యలో ఆగిందా అన్నా? ఇది ఆగుద్ది. మనం దేనికి భయపడతామో పూలు దానికే పెట్టాలి" అన్నాడు.

నవ్వాను. ఆ నవ్వు ఈ ఎండాకాలంలో ఎక్కడికి పోయిందో నాకే తెలియదు.

తుగిరా అవ్వ మా మేళానికి పాడే మనిషి. అరవై ఎనిమిదేళ్ళు. ఆవిడ గొంతులో గడ్డ ఉందని, బుధవారం ఆపరేషన్ చేస్తామని జోగ్జా పట్నం ఆసుపత్రిలో చెప్పారు. తర్వాత మాట వస్తుందా అని అడిగితే డాక్టరు కాగితాలు సర్దుకున్నాడట. అవ్వకి వాళ్ళ గురువు నేర్పిన పాట ఒకటుంది, ఇంకెవరికీ రాదు. మనవరాలికి నేర్పుదాం, నేర్పుదాం అనుకుంటూనే ఏళ్ళు గడిపేసింది. అందుకని మంగళవారం పొద్దున ఆ పాట పాడి రికార్డు చేయించుకుంటానని పొనిదికి కబురు పెట్టింది. ఒక్కసారే పాడగలను, రెండోసారికి ఓపిక ఉండదు అని కూడా చెప్పి పంపింది.

ఆ కబురు అందినప్పటి నుంచీ పొనిదికి అన్నం సయించలేదు. పాత కంప్యూటర్ ఆ నెలలోనే రెండుసార్లు నీలం తెర చూపించి చచ్చి బతికింది.

శనివారం వాడి కూతురు వెనింగ్ సెమరాంగ్ పట్నం నుంచి దిగింది. అక్కడ వ్యాపార ప్రకటనలకి పాటలు చేసే చోట పని ఆ పిల్లకి. తన ల్యాప్‌టాప్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చింది. తండ్రి పాత క్యాలెండర్ కాగితం వెనక నిలువు గీత గీసి, ఒకవైపు పాతది, ఒకవైపు కొత్తది అని రాసుకున్నాడు. పాతదాని కింద 'చేతికి అలవాటు, కళ్ళు మూసుకున్నా చేయగలను' అని రాశాడు. కొత్తదాని కింద 'ఆగదు' అని ఒక్కమాట రాసి, ఆ మాట కింద రెండుసార్లు గీశాడు.

"చూసి చెప్పడమెందుకు, విని చెప్పండి" అంది వెనింగ్. ఏర్పాట్లు చూసిపోదామని వచ్చిన అవ్వ చేత అక్కడే వేరే చిన్న పాట నాలుగు పాదాలు మెల్లగా పాడించి రెండింటిలోనూ ఒకేసారి రికార్డు చేశారు. పాతదాంట్లో వెనకాల ఫ్యాను హోరు. కొత్తదాంట్లో కడిగిన ముత్యంలా ఉంది. నిజం చెబుతున్నాను, నేనే ముందు నోరుజారాను. "ఇంకా ఆలోచనేంటిరా, మారిపో" అన్నాను.

అవ్వ తల పక్కకి వంచి వింటోంది. "ఎవరమ్మా ఈ మనిషి? బానే పాడుతుంది" అంది.

హాస్యమాడుతోందనుకుని నవ్వాం. ఆవిడ నవ్వలేదు. పక్కనున్న సారోన్, అదే కంచుపలకల వాయిద్యం, దాని సుత్తి అందుకుని ఒక పలక కొట్టి, ఆ పాట మళ్ళీ పెట్టమంది. పలక ఒక దారి, పాట ఒక దారి.

మా గమలన్‌లో ప్రతి మేళానికీ స్వరాలు వేరు. పక్క ఊరి మేళంతోనే కలవవు, ఇక పియానో మెట్లతో ఏం కలుస్తాయి? చూస్తుండగానే వెనింగ్ ముఖం పాలిపోయింది. వాళ్ళ స్టూడియోలో పని తొందరగా తెమలడానికి, లోపలికి వచ్చిన గొంతుని వచ్చినట్టే పియానో మెట్ల మీదికి దిద్దేసి దాచే ఏర్పాటు ఒకటి వేసి ఉంచుతారు. అసలు గొంతు ఎక్కడా మిగలదు.

"అది ఎప్పుడూ వేసే ఉంటుంది నాన్నా. ఉందన్న సంగతే మర్చిపోయాను. ఇదిగో, తీసేశాను."

"ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?"

"ఇంకేం లేవు."

"లేవని నీకెట్టా తెలుసే? ఇదీ లేదనేగా అనుకున్నావు."

అవ్వ ఆ రోజు రాకపోయి ఉంటే, మంగళవారం మేమంతా భేష్ అనేసి, బుధవారం ఆవిడ గొంతు పోయాక, ఎవరో ముక్కూముఖం తెలియని ఆడమనిషి పాటని ఆ మనవరాలి చేతిలో పెట్టేవాళ్ళం. ఆగిపోయే పెట్టె ఆగానని చెబుతుంది. అడక్కుండా మార్చేసేది ఏమీ చెప్పదు.

పొనిది క్యాలెండర్ కాగితం చింపేశాడు. "పాతదే" అన్నాడు. సోమవారమంతా ఫ్యాను విప్పి, దుమ్ము తుడిచి, తాళంచెవి ముక్కకి కొత్త టేపు చుట్టాడు. గురువారం కాకపోయినా పళ్ళెం నిండా పూలు పెట్టాడు. సుమిరా నా చెవిలో, "నా మెడలో కూడా ఇన్ని పూలు వెయ్యలేదు అన్నయ్యా" అంది.

మంగళవారం పొద్దున అవ్వ కొప్పు పెట్టుకుని, ఆకుపచ్చ బతిక్ అద్దకం బట్ట చీరలా చుట్టుకుని వచ్చింది. వాకిట్లో జోగ్జా తీసుకెళ్ళే కారు నిలబడి ఉంది. మొదలుపెట్టాం. కళ్ళు మూసుకుని పాడుతోంది. నేను వాయిస్తూ పొనిది వైపే చూస్తున్నాను, వాడు తెర వైపే చూస్తున్నాడు. మూడో చరణంలో వాడి భుజాలు కిందికి జారిపోయాయి. తెర నీలం.

అవ్వకి తెలియదు, పాడుతూనే ఉంది. ఆపమనడానికి వాడికి నోరు రావడం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆపితే ఆవిడ ఓపిక ఖర్చయినట్టే, ఆపకపోతే పాట గాలికి పోయినట్టే. చివరికి నేనే మద్దెల మీద అరచెయ్యి ఆనించి ఆపేశాను.

అవ్వ కళ్ళు తెరిచి నీలం తెర చూసింది. గొంతుకి మంచిదని తెచ్చుకున్న గోరువెచ్చటి బియ్యం కషాయం రెండు గుక్కలు మింగింది. మింగడానికే ఎంతో బాధపడింది. "ఇంకొక్కసారి లాగుతాను. దేంట్లో పెడతావో నువ్వే చూసుకో నాయనా" అంది.

పొనిది ఎవరినీ ఏమీ అడగలేదు. పూలపళ్ళెం తీసి ల్యాప్‌టాప్ ముందు పెట్టాడు. వెనింగ్‌ని కూర్చోబెట్టి, తెర మీది ప్రతి గడి మీదా వేలు పెట్టి, "ఇదేం చేస్తుంది? ఇది?" అంటూ ఒక్కటీ వదలకుండా అడిగాడు. తనకి అర్థంకాని ప్రతిదాన్నీ తీయించేశాడు. ముందు సారోన్ పలక ఒక్కటి కొట్టి రికార్డు చేసి వినిపించాడు. అవ్వ అదే పలక కొట్టి తలూపింది. అప్పుడు పాడింది. చివరి చరణంలో, పైకి వెళ్ళే చోట, గొంతు పగిలింది. ఆగకుండా పూర్తిచేసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి కారెక్కింది.

తర్వాత పదిహేడు రోజులు పొనిది ఆ పాట వినలేదు. నాలుగు చోట్ల దాచాడు, వినడం మాత్రం లేదు. "వినరా, ఏముంది అందులో?" అని నేనంటే, "ఏముందో తెలియకే అన్నా" అనేవాడు. వింటే అది ఆవిడ కాకపోతే? మళ్ళీ పాడించడానికి గొంతు లేదు. ఆపరేషన్‌లో గొంతు పోయిందని అప్పటికే తెలిసిపోయింది. నేనూ ఎక్కువ బలవంతం చేయలేదు. నాకూ భయమే.

పద్దెనిమిదో రోజు అవ్వే వచ్చింది. మెడకి కట్టు. పక్కన మనవరాలు. సారోన్ ముందు కూర్చుని, పెట్టమని చేత్తో సైగ చేసింది. పొనిది మీట మీద వేలు పెట్టి మళ్ళీ తీసేశాడు. సాయం చేయడానికి వెనింగ్ లేదు, ల్యాప్‌టాప్ ఇక్కడే వదిలి సెమరాంగ్ వెళ్ళిపోయింది. నేను వాడి మణికట్టు పట్టుకున్నాను, ఇద్దరం కలిసి నొక్కాం.

పాట మొదలైంది. అవ్వ పలక కొట్టింది, విన్నది, ఇంకో పలక కొట్టింది. ముఖంలో ఏమీ కనబడటం లేదు. మూడో చరణం అయింది. చివరి చరణం వచ్చింది. పైకి వెళ్ళే చోటు దగ్గర పడుతుంటే పొనిది కళ్ళు మూసుకున్నాడు. ల్యాప్‌టాప్ ఎవరికీ చెప్పకుండా గొంతుని నున్నగా దిద్దేసి ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

గొంతు పగిలింది. ఆ రోజు పగిలినట్టే, ఆ చోటే.

అవ్వ సుత్తి కింద పెట్టింది. పొనిది మోకాలు తట్టి కళ్ళు తెరిపించింది. తెర వైపు వేలు చూపించి, అదే వేలిని తన గుండె మీద ఆనించుకుంది.