నేను వీపుతో చూసిన సెలూన్

ఆ రోజుల్లో అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడిస్తే ఎదురుపడేవి తోటలు, రాళ్లగుట్టలు, దారి తమదేనన్నట్టు నిలబడే బర్రెలు. ఇప్పుడు అక్కడ రోడ్డు దాటాలంటే మా మనవడు నా చెయ్యి పట్టుకుంటున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న ఆ కాలంలో మా వాడకట్టులో నా ఈడు వాళ్లకు పతంగుల పిచ్చి, కోడిపందేల పిచ్చి. నాకు రైలు డబ్బాల పిచ్చి. ఇంజిన్లంటే అందరికీ ఇష్టమే, అందులో గొప్పేమీ లేదు. నేను వెనకొచ్చే డబ్బాలను చూసేవాణ్ణి. మేనమామ దర్జీ దుకాణంలో కాజాలు కుడుతూ కూర్చున్నా, ఖైరతాబాద్ దిక్కు నుంచి కూత వినబడితే నా సూది ఆగిపోయేది. "వీనికి పిల్లనిచ్చినోడు రైలుకు ఇచ్చినట్టే," అనేవాడు మామ. (పిల్లనిచ్చింది ఇంకెవరో కాదు, ఆయన బామ్మర్దే. ఈ సంగతి పెళ్లికి ముందే బామ్మర్ది చెవిన ఎందుకు వెయ్యలేదో మామకే తెలియాలి.)

నేను చూడని డబ్బా ఒకటుండేది. నగరంలోని ఒక పెద్ద దేవిడీలో, అంటే కోటలాంటి భవంతిలో, ఉండే నవాబుల సొంత సెలూన్ అది. (ఇప్పటి పిల్లలు సెలూనంటే జుట్టు కత్తిరించే చోటనుకుంటారు. అప్పట్లో గొప్పవాళ్లు ప్రయాణం చేసే సొంత రైలు డబ్బాను అలా అనేవారు.) ఎప్పుడో తప్ప షెడ్డులోంచి బయటికి రాదు. మామూలు డబ్బాకు ఒక్కో కొసన నాలుగేసి చక్రాలుంటే, దీనికి ఆరేసి ఉంటాయని నా వాదన. ఎవరో అంటే విన్నదే గాని కళ్లతో చూసింది లేదు. "కాళ్లు ఎక్కువుంటే జెర్రి అయితది గని బండి ఎట్లయితదిరా," అని మా దుకాణంలో బట్టలు కత్తిరించే మాస్టర్ నవ్వేవాడు. ఆ నవ్వు చాలాకాలంగా భరిస్తున్నాను. ఒక్కసారి కళ్లారా చూసి, చక్రాలు లెక్కపెట్టి వచ్చి, వాడి నోరు మూయించాలని నా పంతం.

స్టేషన్లో పనిచేసే నా దోస్తును సీటీ భాయ్ అనేవాళ్లం, ఈల వెయ్యనిదే మాట మొదలుపెట్టడు కాబట్టి. ఒకరోజు దుకాణం ముందు ఈల వేసి, "ఐతారం పొద్దుగాల బండికి గా సెలూన్ తగిలిస్తుండ్రు. ఖైరతాబాద్ గేటు కాడ నిలబడు, మస్తు కనబడతది," అని చెప్పి పోయాడు. ఇక ఆదివారం దాకా నాకు నిద్ర లేదు.

అప్పటికి నా భార్య కాపురానికి వచ్చి నెల కూడా కాలేదు. నేత ఊరి పిల్ల. పెద్దల ముందు మొగుడూ పెళ్లాం మాట్లాడుకునే అలవాటు మా ఇంట్లో లేదు. పెద్దలు లేని చోటు కూడా మా ఇంట్లో లేదు. అందువల్ల "ఊ" అనడం తప్ప ఆమె గొంతు నాకింకా సరిగ్గా తెలియదు. ఐతారం పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే అమ్మ సర్వపిండి మూటతో వచ్చింది. "ఖైరతాబాద్ దిక్కే కద పోయేది? గీ సర్వపిండి మీ మేనత్తకు ఇచ్చి రా. కోడల్ని సుత తోల్కపో, మేనత్త ఈమెను ఇంకా చూడలే." పెళ్లాం వెనక వస్తుంటే జోరుగా నడవకూడదు, మెల్లగా నడిస్తే రైలు మన కోసం ఆగదు.

మూట పట్టుకుని ఆమె వెనక, నేను ముందు. దగ్గరికి రానీ అని నేను ఆగితే, మర్యాద తప్పకూడదని ఆమె కూడా ఆగేది. ఆ దూరం పంజాగుట్ట దాటినా తరగలేదు. సరేనని వెనక్కి తిరగకుండానే సెలూన్ గురించి దారి పొడుగునా చెప్పుకుంటూ పోయాను. ఎదురొచ్చిన గాడిదలవాడు నా వాలకం చూసి, గాడిదలతో సహా పక్కకు తప్పుకున్నాడు.

మేం చేరేసరికి గేటు వేసి ఉంది. జట్కాలు, సైకిళ్లు, గంపల వాళ్లు ఆగి ఉన్నారు. నేను అందరినీ తోసుకుని ముందు నిలబడ్డాను, ఆ సందులోంచే ఆమె కూడా వచ్చి నా వెనక నిలబడింది. దూరంగా పొగ కనిపించింది. సరిగ్గా అప్పుడు గేటు కాసే చాచా జెండా పట్టుకుని మా ముందుకొచ్చాడు. "మొగోళ్లందరు అటు తిరుగుండ్రి. జనానా సవారీ వస్తుంది. జల్దీ." పరదా పాటించే ఆడవాళ్ల బండి పోతుంటే మగవాళ్లు వీపు తిప్పి నిలబడటం ఆనాటి మర్యాద. ఎందుకని ఎవరూ అడగరు. సెలూన్ వస్తుందన్న సీటీ భాయ్, అందులో బేగంలు ఉంటారన్న ముక్క మాత్రం చెప్పలేదు. ఏడుపొక్కటే తక్కువ నాకు.

"చాచా, నేను మనుషుల దిక్కు చూడ. జర చక్రాలు చూసుకుంట," అని బతిమాలాను.

"చక్రాలు సుత జనానావే బేటా. తిరుగు," అన్నాడు చాచా.

తిరిగాను. జట్కావాళ్లూ సైకిళ్లవాళ్లూ తిరిగారు. చాచా కూడా జెండా పట్టాల వైపు చాచి, ముఖం మా వైపే పెట్టుకున్నాడు. ఆడవాళ్లకు ఆ కట్టుబాటు లేదు. నా వెనక నిలబడ్డ నా భార్య ఇప్పుడు నాకు ఎదురుగా ఉంది. ఆమె నా భుజం మీదుగా పట్టాల వైపు చూస్తోంది, నేను ఆమె వైపు చూస్తున్నాను. పెళ్లయ్యాక పట్టపగలు ఆమె ముఖాన్ని నిదానంగా చూడటం అదే మొదలు. నేల అదిరింది. చూడలేకపోయినా, పట్టాల అతుకు మీద పడే దెబ్బల్ని బట్టి చక్రాలు లెక్కపెట్టొచ్చని చెవులు రిక్కించాను. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. పెదవులు కొంచెం విడివడి, నవ్వు వచ్చింది. అప్పుడే జట్కా గుర్రం సకిలించింది. లెక్క తప్పడానికి గుర్రమే కారణమని చాలామందికి చెప్పాను గాని, అది సకిలించకపోయినా నేను లెక్కపెట్టేవాణ్ణి కాను.

గేటు తీశాక నేను నా భార్యను మొట్టమొదటిసారి సూటిగా అడిగిన ప్రశ్న, "చక్రాలెన్ని?"

"చక్రాలు ఎవరు చూస్తరు?" అంది. "కిటికీ పరదా పక్కకు జరిగింది. లోపట ఒక ఆమె, నా ఈడే ఉంటది. నన్ను చూసి నవ్వింది. పరదా మంచి పట్టే గని, దర్జీ ఎవ్వడో, అంచు తిరగేసి కుట్టిండు." అలా మొదలైన మాట మేనత్త ఇంటి దాకా ఆగలేదు. వాళ్ల ఊరి మగ్గాలు, వాళ్ల నాయన కోపం, మా అమ్మ చారులో ఎక్కువయ్యే చింతపండు, అన్నీ వచ్చాయి. ఎప్పుడు పక్కకొచ్చి నడుస్తోందో నేను గమనించనేలేదు. మర్నాడు దుకాణంలో మాస్టర్ కత్తెర ఆపి, "ఎన్ని చక్రాలురా?" అన్నాడు. "చక్రాలు జనానావి, చెప్పొద్దు," అన్నాను.

ఆ దేవిడీ పోయింది, సెలూన్ ఏమైందో తెలియదు, గేటు పోయి వంతెన వచ్చింది. నేను మాత్రం చాయ తాగేటప్పుడు చక్రాలెన్నని ఇప్పటికీ ఆమెను అడుగుతుంటాను. కూర బాగుందన్న రోజు ఆరంటుంది, కోపమొచ్చిన రోజు నాలుగంటుంది. మొన్న మనవడి ముందే నిలదీశాను, నిజం చెప్పు, చూసినవా లేదా అని. (మీరు అనడం మానేసి నన్ను నువ్వు అనడం ఎప్పుడు మొదలుపెట్టిందో నాకు గుర్తులేదు.)

"చెప్పిననుకో," అంది, కప్పు నా చేతిలో పెడుతూ, "రేపటి సంది నన్ను ఏమడుగుతవు నువ్వు?"

నేను చాయ ఊదుకుంటూ తాగాను. తెల్లారి మళ్లీ చక్రాలెన్నని అడిగాను.